ఆపమన్న మూడు వందల పన్నెండు మంది

జిమ్‌లో చేరేటప్పుడు నా బల్ల వైపు ఎవరూ రారు. సభ్యత్వం కొన్నాళ్లు ఆపుకునేటప్పుడు మాత్రం అందరికీ నేనే దిక్కు. కాలు విరిగింది మేడమ్, రెండు నెలలు ఆపండి. కడుపుతో ఉన్నాను, ఏడాది ఆపండి. ఏమీ లేదండీ, బద్ధకం, ఆపండి. పదకొండేళ్లుగా ఈ ఆపడాలతోనే నా బతుకు తెల్లారిపోతోంది.

కొత్తగా కొన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆపడమన్నదే లేదు. నెలనెలా కట్టాలి, లేదా పూర్తిగా మానేయాలి. మేనేజర్ సార్‌తో మొత్తుకున్నాను. "ఏదో ఒకటి చూడమ్మా" అన్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా? సరే, ఏదో ఒకటి చూశాను. ఆపమన్న వాళ్లందరి తర్వాతి బిల్లునూ మార్చి నెల ఒకటో తేదీకి నెట్టేశాను. ఆలోపు ఒక్కొక్కటీ సరిచేద్దాంలే అనుకున్నాను. ఎక్కడ కుదిరి చచ్చింది!

మార్చి ఒకటి పొద్దున్నే మూడు వందల పన్నెండు మంది ఖాతాల్లోంచి ఆ సాఫ్ట్‌వేర్ ఒకేసారి డబ్బు లాగేసింది. ఇక ఫోన్లు, తిట్లు. "బిడ్డను కన్నందుకు జరిమానానా?" అని ఒకావిడ ఏడ్చింది.

సార్ రికార్డు తీయించారు. ప్రతి మార్పు పక్కనా నాతో పనిచేసే చిట్టి పేరే. ఖర్చు దండగని ఆయన కొన్నది ఒకటే లాగిన్, అదీ కొత్తగా చేరిన ఈ పిల్ల పేరు మీద. ఇద్దరం అందులోంచే పనిచేస్తాం. చిట్టి ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా పది రోజులే ఉంది.

"అక్కా, నేను వాటిని ముట్టుకోనైనా లేదు కదా!" అంది.

"ఏడవకు. నేను చెప్తానుగా" అన్నాను.

భయం వేసింది, అబద్ధమెందుకు? నలభై ఎనిమిదేళ్లకి నాకు ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? అయినా లోపలికి వెళ్లాను.

"సార్, ఆ తేదీలు మార్చింది నేను. చిట్టికి ఏ పాపమూ తెలీదు."

"తెలుసమ్మా" అన్నారు, తలెత్తకుండానే.

"తెలిసే..?"

"నిన్ను పంపిస్తే ఇంతమంది డబ్బూ ఎవరు వెనక్కి వేస్తారు? పైవాళ్లకి ఒక పేరు కావాలి. రికార్డులో ఉన్నది ఇచ్చాను. చిన్నపిల్ల, ఇంకోటి దొరుకుతుందిలే."

అయితే నేనూ మానేస్తానని అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. "సరే సార్" అన్నాను. ఛీ, ఏం బతుకు నాది!

బయటికొచ్చేసరికి చిట్టి బ్యాగు సర్దుకుని నిలబడి ఉంది. ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఉత్తరం అప్పటికే చేతికిచ్చేశారు.

"నా కోసం లోపలికెళ్లి ఒప్పుకున్నావు కదక్కా, అది చాలు నాకు" అని నా రెండు చేతులూ పట్టుకుంది.

ఆఖర్న సరే సార్ అన్నానని మాత్రం చెప్పలేకపోయాను.