అత్తగారికి చక్రాల కుర్చీ

అరవై తొమ్మిదేళ్ళు వచ్చినా జుల్మీరా కాళ్ళు ఇంకా ఆవిడ మాటే వింటాయి. గురువారం గురువారం పెద్దవాళ్ళ క్లబ్బులో డాన్సు మొదలైతే, అకార్డియన్ వాయించేవాడు అలిసిపోవాలే గాని ఆవిడ అలవదు. అలాంటి మనిషిని, పిల్లల పండగ నాడు, సావో పాలో ఊరి చివరి పార్కు గేటు దగ్గర, అల్లుడు ఎడ్మిల్సన్ భుజాలు పట్టి పార్కువాళ్ళిచ్చే చక్రాల కుర్చీలో కూలేశాడు.

"కూర్చోండి అత్తయ్యా. ఇవాళ మీరు మహారాణి."

"అరవై దాటినవాళ్ళకి వేరే లైనుందిగా నాయనా. నడిచే వస్తాను."

"ఆ లైన్లో మీతో ఒక్కరినే పంపుతారు. కుర్చీ అయితే సాయంగా ఎంతమంది కావాలంటే అంతమంది. గోడ మీద రాశారు చూడండి."

"ఎంతమంది కావాలంటే అని ఎక్కడ రాశారు? అవసరమైన సహాయకులు అని రాశారు."

"మాకు అవసరమేగా!"

సహాయకులు ఎనిమిది మంది. ఎడ్మిల్సన్, అతని భార్య రోజాంజెలా, వాళ్ళ ఇద్దరు పిల్లలు, ఎడ్మిల్సన్ తమ్ముడు, తమ్ముడి భార్య, వాళ్ళ ఇద్దరు పిల్లలు. పెళ్ళికూతురి పల్లకీకి కూడా అంతమంది బోయీలు ఉండరు.

ముసలివాళ్ళకీ చంటిపిల్లల తల్లులకీ ముందు చోటివ్వాలని చట్టం పెట్టిన దేశంలో ముసలివాళ్ళకు గిరాకీ ఎలా ఉంటుందో జుల్మీరాకు తెలియనిది కాదు. బ్యాంకుకి వెళ్ళేటప్పుడు పక్కింటి పసిబిడ్డను అరువడిగి చంకనేసుకుపోయే ఆడవాళ్ళని ఆవిడ ఎరుగును. ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషి. టిక్కెట్టు ఎగ్గొట్టడానికి బస్సులోని తిరుగుడు గేటు కింద నుంచి పాకేవాళ్ళని జుట్టు పట్టుకుని పైకి లేపిన చెయ్యి అది. మరి ఆవిడ ఈ కుర్చీలో ఎందుకు కూర్చున్నట్టు?

పేగుతిప్పి కోసం.

ఆ రోలర్ కోస్టర్‌కి బోర్డు మీద ఏదో గొప్ప పేరే ఉంది. జనం మాత్రం పేగుతిప్పి అంటారు. జుల్మీరా బస్సు ఆ పార్కు ముందు ఆగినప్పుడల్లా గోడ పైనుంచి దాని నడుం కనబడేది, అరుపులు వినబడేవి. ఆ అరుపులకు డ్రైవరు శిలువ గుర్తు వేసుకునేవాడు. జుల్మీరా నాలుక చప్పరించేది. పండగలన్నీ డ్యూటీ దినాలే కాబట్టి ఎక్కడం కుదరలేదు. రిటైరయ్యాక తొమ్మిదేళ్ళు ఎవరినడిగినా "ఈ వయసులోనా?" అన్నారు. చివరికి ఎడ్మిల్సనే, "కుర్చీలో కూర్చుంటే ఆఖర్న పేగుతిప్పి ఎక్కిస్తా, నాదీ పూచీ" అని మాటిచ్చాడు.

కుర్చీ కదిలింది. ఎండలో రెండేసి గంటలు నిలబడ్డ జనం పక్కనుంచి, రిబ్బను కట్టిన దారిలో, ఎనిమిది మంది బోయీలతో ఊరేగింపు సాగిపోయింది. "దారివ్వండి, దారివ్వండి, పెద్దావిడ!" అని ఎడ్మిల్సన్ అరుపు. జనం పాపం తప్పుకున్నారు. ఒకాయనైతే తన టోపీ తీసి మరీ తప్పుకున్నాడు. జుల్మీరాకు సిగ్గేసింది. కండువాతో ముఖం సగం కప్పుకుంది.

"ఆ, అలాగే ఉండండి. నీరసంగా భలే ఉన్నారు," అన్నాడు అల్లుడు మెచ్చుకోలుగా.

ప్రతి ఆట దగ్గరా ఒకటే తంతు. కుర్చీ చూపించి లోపలికి పోవడం, ఎనిమిది మందీ ఎక్కెయ్యడం, సంచులు అత్తగారి ఒళ్ళో పడెయ్యడం. మధ్యాహ్నానికి ఆవిడ ఒళ్ళో ఐదు సంచులు, రెండు తడి తువ్వాళ్ళు, ఇంటినుంచి తెచ్చిన కోడివేపుడు డబ్బా. కప్పుల ఆట దగ్గరైతే ఎడ్మిల్సన్ తమ్ముడు లైను మొదట్లోనే నిలబడి కోడికాలు చీకి ఎముకను పూలకుండీలోకి విసిరాడు. వెనక ఆకలితో నిలబడ్డవాళ్ళు ఆ ఎముక వంక చూసిన చూపు జుల్మీరా చాలాసేపు మరిచిపోలేదు.

పడవల దగ్గర మాత్రం సంగతి ముదిరింది. కుర్చీతో సహా ఎక్కడానికి వీలున్న పడవ అక్కడ ఒక్కటే. ఎక్కారు, పార్కులో తవ్విన నదంతా తిరిగొచ్చారు. దిగబోతుంటే పిల్లలు "ఇంకోసారి!" అన్నారు.

"సరే, కూర్చునే ఉన్నాంగా," అన్నాడు ఎడ్మిల్సన్.

"వెనక ఎవరో ఉన్నారు, దిగండి," అంది జుల్మీరా.

"ఉంటారు అత్తయ్యా. పార్కన్నాక వెనక ఎవరో ఒకరు ఉంటారు."

రెండో చుట్టు తిరిగొచ్చేసరికి ఒడ్డున నలభై ఏళ్ళావిడ తన చక్రాల కుర్చీలో ఇంకా కాచుకునే ఉంది. అది పార్కువాళ్ళిచ్చిన కుర్చీ కాదు, ఆవిడ సొంతం. చేతులకు తోలు తొడుగులున్నాయి, అవీ అరిగిపోయాయి. రెండు కుర్చీలూ ఎదురైనప్పుడు ఆవిడ జుల్మీరా ముఖం చూడలేదు. చెప్పుల వంక చూసింది.

"మడమల దగ్గర బాగా అరిగాయే. ఎవరి చెప్పులమ్మా ఇవి?"

"నావే," అంది జుల్మీరా.

"ఓహో," అని ఆవిడ పడవలోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

జుల్మీరా ముఖం కందగడ్డయింది. "ఇంక చాలు. లేస్తున్నాను," అంది.

ఎడ్మిల్సన్ చెవి దగ్గరికి వంగాడు. "ఇంకొక్కటే అత్తయ్యా. మీ పేగుతిప్పి. ఇప్పుడు నాలుగున్నర కావస్తోంది, అక్కడ లైను గంటన్నర. ఆరింటికి మూసేస్తారు. లేచారంటే ఇక వచ్చే ఏడాదే."

ఆశ చెడ్డది. జుల్మీరా మళ్ళీ కూర్చుంది.

పేగుతిప్పి మెట్ల దగ్గర ఎర్ర చొక్కా మీద జుసారా అని పేరున్న అమ్మాయి అడ్డంగా నిలబడింది. పొద్దున్నుంచీ అరిచి అరిచి ఆ పిల్ల గొంతు బొంగురుపోయింది.

"ఎంతమంది?"

"ఎనిమిది మంది సహాయకులం, మా అత్తయ్య."

జుసారా కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మగారూ, తప్పుగా అనుకోకండి. మీరు ఎక్కకూడదండీ. బండి పైన ఆగిపోయిందంటే నూట నలభై మెట్లు ఎవరంతట వాళ్ళే దిగాలి. కుర్చీలో వచ్చినవాళ్ళని ఎక్కించొద్దని మాకు రూలు."

జుల్మీరా అల్లుడి వంక చూసింది. అతను ఒక్క క్షణం తల గోక్కున్నాడు.

"పోన్లెండి అత్తయ్యా. మీ ఆరోగ్యం కన్నా మాకేం ఎక్కువ చెప్పండి? ఈ ఫోనూ, కళ్ళజోడూ కాస్త పట్టుకోండి. మేం ఇట్టే వెళ్ళి అట్టే వచ్చేస్తాం," అంటూ రెండూ ఆవిడ ఒళ్ళో పెట్టాడు. పిల్లలు అప్పటికే ముందు వరస సీట్ల కోసం మెట్లెక్కేస్తున్నారు.

జుల్మీరా లేచి నిలబడింది.

ఒళ్ళోని సంచులన్నీ దబదబా కిందపడ్డాయి. కోడివేపుడు డబ్బా మూత ఊడి, రెండు తొడలు మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ పోయాయి. రెయిలింగు అవతల లైన్లో ఉన్న మూడొందల మందీ ఒక్కసారి నోరు మూశారు. అందులో ముందు వరసలో ఉన్న నొయేమియా అనే లావుపాటావిడ మాత్రం నోరు తెరిచింది.

"అద్భుతం! ప్రభువుకు స్తోత్రం! ముసలమ్మ లేచి నిలబడింది! హల్లెలూయా!"

అంటూ రెయిలింగు కింద నుంచి దూరి, పరుగెత్తుకొచ్చి జుల్మీరాను వాటేసుకుంది. చప్పట్లు మొదలయ్యాయి. ఫోన్లు పైకి లేచాయి. ఎవరో "అమ్మా, మా ఆవిడ మోకాలు కూడా ఒకసారి ముట్టుకోండి" అని అరిచారు.

ఎడ్మిల్సన్ బుర్ర ఇలాంటప్పుడు మెరుపులా పనిచేస్తుంది. మోకాళ్ళ మీద పడి రెండు చేతులూ ఎత్తాడు. "ఆరేళ్ళయిందండీ! ఆరేళ్ళుగా మంచం మీదే! పిల్లల పండగ నాడు దేవుడు కరుణించాడు!"

రోజాంజెలా కళ్ళు మూసుకుంది. జుసారాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆ పిల్ల కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. "మరైతే అమ్మగారూ... మెట్లు దిగగలరంటారా? దిగగలిగితే ఎక్కొచ్చు. రండి, ముందు వరసలో కూర్చోబెడతాను."

పేగుతిప్పి అక్కడే ఉంది, నాలుగడుగుల దూరంలో. ముందు వరస. జుల్మీరా అబద్ధం చెప్పక్కర్లేదు, అల్లుడే చెప్పేశాడు. నోరు మెదపకుండా నడిచిపోతే చాలు. ఆవిడ ఒక అడుగు వేసింది కూడా.

నొయేమియా ఆవిడ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంటోంది. ఏడుస్తోంది.

"ఆగమ్మా," అంది జుల్మీరా. "ఆగు. దేవుణ్ణి ఇందులోకి లాగొద్దు." ఆపైన బస్సు వెనక సీటు దాకా వినబడే కండక్టరు గొంతు బయటికొచ్చింది. "నా కాళ్ళకి ఏ రోగమూ లేదు. మొన్న గురువారం క్లబ్బులో మూడు గంటలు డాన్సు చేశాను. పొద్దున్నుంచీ మీ అందరినీ దాటుకుంటూ పోయింది ఈ దొంగ కుర్చీతోనే. ఇది అద్భుతం కాదు, సిగ్గులేనితనం. అందులో నాదీ వాటా ఉంది."

తర్వాత మూడొందల మంది ఒక్క గొంతుతో "ఊఊఊ" అన్నారు. ఈలలు వేశారు. కింద దొర్లిన కోడితొడ ఒకటి ఎవరు విసిరారోగాని ఎడ్మిల్సన్ వీపుకు తగిలింది.

జుసారా కళ్ళు తుడుచుకుని ఎనిమిది మందినీ మెట్ల మీద నుంచి దింపింది. "లైను చివరికి. అందరూ. ముందు ఆ కుర్చీ ఇచ్చేసి రండి, నిజంగా కావలసినవాళ్ళు గేటు దగ్గర ఎదురు చూస్తున్నారు."

"పదండి ఇంటికి పోదాం," అన్నాడు ఎడ్మిల్సన్ తేలు కుట్టిన దొంగలా. "పరువంతా గంగలో కలిపారు అత్తయ్యా."

"నీ పరువు కుర్చీలోనే ఉండిపోయింది నాయనా, తీసుకెళ్ళి ఇచ్చెయ్. నేను లైన్లో ఉంటా."

నొయేమియా తన చోటికి తిరిగి వెళ్ళబోయింది. లైను ఒప్పుకోలేదు. లేచినవాడి చోటు పోయినట్టేనని ఆ దేశంలో పసిపిల్లలు కూడా పాడుకుంటారు. "దేవుడి పని మీద వెళ్ళానయ్యా!" అని ఆవిడ మొత్తుకుంది. "ఆ చోటేదో దేవుణ్ణే అడగమ్మా," అన్నాడు వెనకాయన. చివరికి ఆవిడ వచ్చి జుల్మీరా వెనకే నిలబడింది. కోపంతో రొప్పుతోంది.

"గంటన్నర నిలబడ్డాను. గంటన్నర! నీ దొంగ అద్భుతం మూలంగా పోయింది."

"నేను చెయ్యమన్నానా?"

"నన్ను వాటేసుకోనిచ్చావుగా!"

లైను జరిగింది. జరిగినట్టే జరిగి ఆగింది. జుల్మీరా కళ్ళు మాత్రం గడియారం మీదే. అయిదింటికి సగం దూరం వచ్చారు. ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, "అరవై దాటాయిగా అమ్మా, మీకు ఎలాగూ హక్కుంది. ముందుకెళ్ళండి," అన్నాడు.

"వద్దు నాయనా. ఇవాళ్టికి నా ముసలితనమంతా వాడేశారు."

ఆ మాటకి నొయేమియా ముక్కుతో నవ్వింది. నవ్వినందుకు మళ్ళీ ముఖం ముడుచుకుంది.

అయిదున్నరకు ఇద్దరు కుర్రాళ్ళు "మా అన్నయ్య ముందున్నాడండీ" అంటూ పక్కనుంచి జొరబడబోయారు. "ఏ అన్నయ్య? పిలవండి, చూద్దాం!" అంది జుల్మీరా. అన్నయ్య లేడు. కుర్రాళ్ళు వెనక్కి పోయారు. లైను చప్పట్లు కొట్టింది. ఇందాక ఊళ వేసిన నోళ్ళే అవి.

అప్పుడే ఎడ్మిల్సన్ వచ్చాడు. ఇంటికి పోలేదు, మిగతావాళ్ళెవరూ కదలనన్నారట. ఒక చేతిలో వేడి వేడి కోడిమాంసం బూరె, ఇంకో చేతిలో చల్లటి నీళ్ళ సీసా. ముఖం అమాయకంగా పెట్టాడు.

"ఎక్స్‌క్యూజ్ మీ, ఎక్స్‌క్యూజ్ మీ... నేను ఆవిడతో వచ్చానండీ. అత్తయ్యా, తినండి, పొద్దున్నుంచీ ఏం తిన్లేదు."

జుల్మీరా బూరె తీసుకుంది. ఆకలి ఆకలే. ఒక ముక్క కొరికి, నమిలి, మింగి, అప్పుడు చెప్పింది.

"థాంక్స్ నాయనా. ఇక చివరికి వెళ్ళు."

"నేను మీ అల్లుణ్ణి!"

"కాదన్లేదే. లైను చివర కూడా నువ్వు నా అల్లుడివే."

అందరూ చూస్తున్నారు. ఎడ్మిల్సన్ చివరికి నడిచాడు. పాపం, జీవితంలో మొదటిసారి లైను చివర ఎక్కడుంటుందో వెతుక్కోవలసి వచ్చింది. అప్పటికే జనం చాలామంది విసిగి వెళ్ళిపోయారు కాబట్టి, చివర అంటే నొయేమియా వెనక పదిమంది తర్వాతే.

ఆరుకు అయిదు నిమిషాలు. జుసారా గొలుసు పట్టుకుని మనుషుల్ని లెక్కపెడుతూ వచ్చింది. జుల్మీరా దగ్గరికి రాగానే ఆగింది.

"ఇదే ఆఖరి బండి. వెనక వరసలో రెండే సీట్లున్నాయి. ఒకటి మీది." జుసారా గొంతు తగ్గించింది. "పెద్దవాళ్ళతో ఒకరిని పంపొచ్చు, రూలే. మీతో ఎవరైనా ఉన్నారా అమ్మగారూ?"

పదిమంది వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. ఎడ్మిల్సన్. ఆ ముఖంలో ఇప్పుడు నటన ఏమీ లేదు, చిన్నపిల్లాడిలా ఆశగా చూస్తున్నాడు. జుల్మీరాకు జాలేసింది. నిజంగానే జాలేసింది, నీళ్ళ సీసా ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. నొయేమియా అటు అతన్నీ ఇటు ఈవిడనీ చూసి, తన సంగతి తేలిపోయిందనుకుని చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"నేనొక్కదాన్నే వచ్చానమ్మా," అంది జుల్మీరా. "తర్వాత ఎవరుంటే వాళ్ళని పంపు."

జుసారా గొలుసు నొయేమియా వెనక పడింది.

ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. ఇనుప కడ్డీ ఒళ్ళోకి దిగింది. బండి కటకటమంటూ పైకి పాకుతోంది. నొయేమియా కళ్ళు గట్టిగా మూసుకుని జుల్మీరా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"కాళ్ళు ఎలా ఉన్నాయమ్మా?" అంది కళ్ళు తెరవకుండానే.

"వణుకుతున్నాయి," అంది జుల్మీరా. "ఈసారి ఒట్టు, నిజంగానే."

బండి శిఖరం మీద ఒక్క క్షణం ఆగింది. ఆపైన ఇద్దరూ కలిసి అరిచిన అరుపు గోడ దాటి రోడ్డు దాకా వినబడింది.