పదునుకో గుమ్మం

యంత్రం జాలీ సందుల్లో పేరుకున్న దుమ్మును ఆమె చిన్న కుంచెతో బయటికి లాగి, పాత నూలుగుడ్డలోకి తీసుకుంది. గుడ్డను మడిచి పక్కన పెట్టి, యంత్రం వెనకవైపు అరచెయ్యి ఆనించి చూసింది. గాలి గోరువెచ్చగా వస్తోంది. ఒంట్లో బాగున్న పిల్ల ఊపిరిలా ఉంది. తల ఆడించి కుర్చీలో కూర్చుంది.

ఆ గదికి కిటికీ లేదు. ఒకప్పుడు కాగితాల కట్టలు దాచుకున్న గది. గోడకు ఆనించిన ఇనప అరలో ఒకే ఒక్క సర్వరు యంత్రం, పెళ్లి ఆల్బమ్ అంత వెడల్పు, రెండు ఇటుకలంత మందం. అందులో నలభైకి పైగా వెబ్‌సైట్లు కాపురముంటున్నాయి. బేకరీ, ఈత నేర్పే బడి, కుక్కల డాక్టరు, పెళ్లిదుస్తులు కుట్టే అక్కచెల్లెళ్లు, శవపేటికలు చేసే వడ్రంగి. పక్క వాటాలో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. ఈత బడి పెద్దమనిషయితే తన సైటుకు ఎక్కడో సొంత భవనం ఉందనే అనుకుంటాడు. ఆయన్ని అలా అనుకోనివ్వడమే తన ఉద్యోగమని ఆమె అంటుంది.

ఆఫీసులో అందరూ ఆమెను ఎక్స్ఛేంజి పిన్ని అంటారు. ఓనరు కూడా అంతే. ఇంకా మీసం మొలవని వయసులో ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరిందని ఎవరో పరాచికం ఆడితే, మొలిచాకే చేరానని ఆమె నవ్వకుండా జవాబు చెప్పింది. ఆ రోజు నుంచీ ఆ పేరు అతుక్కుపోయింది.

ఎక్స్ఛేంజిలో ఆమె ఎదురుగా చిల్లుల బోర్డు ఉండేది. ఊళ్లో ఎవరు ఫోనెత్తినా ముందు ఆ బోర్డు దగ్గరికే రావాలి. "ఎవరు కావాలండీ?" అని అడిగి, వాళ్లు పేరు చెబితే ఆ ఇంటి చిల్లులో తీగ గుచ్చేది. మాట్లాడడం అయిపోయాక కూడా వెంటనే తీగ లాగేది కాదు. ఫోను పెట్టేసే ముందు మనిషి ఒక్క క్షణం ఊరికే ఊపిరి పీలుస్తాడు. రైలెక్కబోయేవాడైనా, ఆస్పత్రి నుంచి మాట్లాడేవాడైనా ఆ ఊపిరి ఒకటే. దాన్ని తెంపడానికి ఆమెకు చెయ్యి వచ్చేది కాదు. పక్క సీటు ఆవిడ విసుక్కునేది. ఈమె మాత్రం రెండువైపులా చప్పుడు ఆగాకే తీగ లాగేది. ఇప్పటికీ ఎవరితో ఫోన్లో మాట్లాడినా అవతలివాళ్లు పెట్టేదాకా తను పెట్టదు.

తర్వాత మనుషులు అక్కర్లేని ఎక్స్ఛేంజి వచ్చింది. బోర్డులను లారీలో వేసుకుపోయారు. నలభై ఏళ్ల వయసులో, కూతురి ఈడు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని ఆమె కంప్యూటరు నేర్చుకుంది. ఒకే యంత్రంలో చాలా సైట్లు పెట్టొచ్చని, వచ్చినవాడు గుమ్మంలోనే ఎవరు కావాలో పేరు చెబుతాడని, సర్వరు ఆ పేరు చూసి సరైన గది తలుపు తీస్తుందని మాస్టారు చెబుతుంటే ఆమెకు నవ్వాగలేదు. బోర్డును మోసుకుపోయిన లారీ ఎక్కడెక్కడో తిరిగి మళ్లీ తన ముందుకే వచ్చి ఆగినట్టనిపించింది.

ఈ రోజు ఆమె తన ఇంటివాళ్ల సైటు పెట్టాలి.

భర్త కత్తెరలు, కత్తులు సానపట్టేవాడు. దర్జీలు, మంగలివాళ్లు, వంటవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవారు. సైటు పెడదామని ఆమె ఎప్పుడు అన్నా ఎగతాళి చేసేవాడు. సానరాయి చప్పుడు వీధి చివరిదాకా వినబడుతుంటే తనకు వేరే బోర్డు ఎందుకని అడిగేవాడు. కానీ పోయిన ఏడు దుకాణం ఉన్న భవనాన్ని పడగొట్టారు. కూతురు సానరాయిని వంతెన అవతలికి మార్చి తనే నడుపుతోంది. పని తండ్రిలాగే చేస్తుంది. గిరాకీలకే దారి తెలియదు. పాత చోటికి వెళ్లి, అక్కడ గొయ్యి చూసి, ఆయన పోయాడనుకుని తిరిగి వెళ్లిపోతున్నారు. అంతలోనే ఆయన నిజంగానే మంచం పట్టాడు. డాక్టరు ఇక మందులు మార్చడం మానేసి, ఆయనకు ఇష్టమైనవి పెట్టమన్నాడు.

నిన్న పొద్దున ఆయనే అడిగాడు.

"ఊళ్లోవాళ్లందరికీ గుమ్మాలు పెట్టావు కదే. మనకీ ఒకటి పెట్టు. జనం అడిగితే మన తలుపు తెరుచుకోవడం నేను చూడాలి."

ఆయన ఆమెను ఏదైనా అడగడం అరుదు. ఆమె రాత్రికి రాత్రే పేజీ తయారుచేసింది. ఫోటోలు కూతురు తీసింది. సైటు పేరు పదును, దుకాణం పేరే. ఆ పేరు అడిగినవాళ్లు ఈ యంత్రం దగ్గరికి రావాలని సైట్ల పేర్లు నమోదు చేసే కంపెనీ దగ్గర నిన్ననే ఏర్పాటు చేసేసింది. ఇక మిగిలింది, వచ్చినవాళ్లకు తలుపు తియ్యమని సర్వరుకు చెప్పడం.

ఒక్కో సైటుకు ఒక్కో చిన్న ఫైలు ఉంటుంది. ఏ పేరు అడిగితే తియ్యాలి, తీసి ఏ గదిలోకి పంపాలి, అందులో ముఖ్యమైన సంగతులు ఇవే. ఆమె కళ్లజోడు సర్దుకుని, ఒక్కో వరుసా నోట్లో చదువుకుంటూ రాసింది. చివర్లో సెమికోలన్ పెట్టిందో లేదో వేలితో తెర మీద తడిమి చూసుకుంది. ఒక్క ఫైలులో ఒక్క చుక్క తప్పినా సర్వరు మొండికేస్తుంది, నలభై సైట్ల వీధికి వీధే చీకటైపోతుంది. అందుకే ఏ మార్పు చేసినా ముందు సర్వరునే తప్పులు వెతకమంటుంది. తప్పుల్లేవని అది జవాబిచ్చింది. ఆమె కొత్త ఫైలును చదువుకోమని సర్వరుకు చెప్పి, ఇంటికి ఫోను చేసింది. కూతురు ఫోనును తండ్రి దిండు పక్కన పెట్టి మాటలు గదంతా వినబడేలా చేసింది. రెండో ఫోను ఆయన చేతికే ఇచ్చింది. ఆయన తనే కొడతానని పట్టుబట్టాడట.

ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతున్న చప్పుడు ఆమెకు వినబడింది.

"ఏమే," అన్నాడాయన నెమ్మదిగా. "ఇక్కడ పెట్టెలు కనబడుతున్నాయి."

"ఏం పెట్టెలండీ?"

"మంచి టేకువి. లోపల తెల్ల శాటిన్ పరుపు కూడా ఉంది. నన్నేదో ముందే సాగనంపేలా ఉన్నావే."

వెనక నుంచి కూతురు "నాన్నా" అని కసిరింది. ఆయన నవ్వుతున్నాడు, నవ్వు మధ్యలో దగ్గు.

శవపేటికల వడ్రంగి తన దుకాణానికి ఆఖరి మజిలీ అని పేరు పెట్టుకున్నాడు. ఏ పట్టికలోనైనా తనదే మొదట రావాలని ఏరికోరి పెట్టుకున్నాడు. సర్వరు కూడా ఫైళ్లను అక్షరాల వరుసలోనే చదువుతుంది. ఎవరి పేరుకూ సరిపోని పేరు అడుగుతూ మనిషి గుమ్మంలోకి వస్తే వాణ్ని మొదటి ఫైలువాడి ఇంట్లోకి పంపేస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అలాంటి బాటసారి కోసం విడిగా ఓ పేజీ పెట్టుకోవాలనీ తెలుసు. పెట్టలేదు. తన దగ్గర పేరు సరిపోకుండా ఎవరూ రారన్న ధీమా.

ఫైలు మళ్లీ తెరిచింది. కొందరు సైటు పేరుకు ముందు మూడు డబ్ల్యూలు కొడతారు, కొందరు వట్టి పేరు కొడతారు. రెండూ రాయాలి. నలభై ఇళ్లకూ రెండూ రాసింది. తన ఇంటికి వచ్చేసరికి డబ్ల్యూల పేరొక్కటే రాసింది. ఆయనేమో మనుషుల్ని పిలిచినట్టు వట్టి పేరు కొట్టాడు. సర్వరు తప్పుల్లేవన్న మాటా నిజమే. రాసింది సరిగ్గా రాశావా అనే అది చూస్తుంది. రాయాల్సింది మరిచిపోయావేమో అన్నది దానికి పట్టదు.

"ఫోను పెట్టకండి," అంది ఆమె. "అక్కడే ఉండండి. ఎక్కడికీ వెళ్లకండి."

"ఎక్కడికి వెళ్తానే, లేవలేనివాణ్ని."

ఆమె వట్టి పేరు చేర్చింది. సెమికోలన్ తడిమింది. తప్పులు వెతికించింది. చదువుకోమంది. ఫోన్లో ఆయన ఊపిరి వింటూ ఇవన్నీ చేసింది. మళ్లీ కొట్టమంది. మళ్లీ అక్షరాల చప్పుడు.

ఈసారి కూతురే చెప్పింది, పెద్ద కత్తెర ఫోటో తెర నిండా వచ్చిందని, కింద వంతెన అవతలి దారి, ఫోను నంబరు అన్నీ ఉన్నాయని, నాన్న ఫోనును ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడని. అప్పుడు ఆయన గొంతు వచ్చింది.

"అంచు బాగా పడిందే, ఫోటోలో. వెలుగు జారిపోతోంది చూడు దాని మీద."

సానపట్టడం అయ్యాక ఆయన ప్రతి కత్తెరనూ వెలుగుకు ఎత్తి చూసేవాడు. ఆమె పని చూసి ఆయన అలా అనడం ముప్పై మూడేళ్ల కాపురంలో ఎప్పుడూ జరగలేదు. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది.

ఇంటికి వెళ్లే ముందు ఆమె ఇంకో పని చేసింది. దారి తప్పి వచ్చినవాళ్ల కోసం ఒక పేజీ రాసి, దాన్నే సర్వరుకు మొదటి గుమ్మంగా చెప్పింది. దాని మీద ఒకే మాట: ఎవరు కావాలండీ? ఇకమీదట ఏ పెళ్లికూతురూ, ఏ రోగీ పొరపాటున పెట్టెల మధ్యకు వెళ్లరు. ఓనరు వచ్చి చూసి, వడ్రంగికి గిరాకీ పడగొట్టావు పిన్నీ అన్నాడు. ఆయన దగ్గరికి తొందరపడి వెళ్లాల్సినవాళ్లు ఎవరూ లేరులే అని ఆమె జవాబు చెప్పింది. చెప్పాక గడియారం వైపు చూసింది. పని వేళ ముగియకముందే ఇంటికి వెళ్లమని ఓనరే అన్నాడు.

దారిలో వంతెన మీద ఆమె ఆగలేదు. కూరలబండి దగ్గరా ఆగలేదు. ఇంటి మెట్లెక్కుతుంటే లోపల ఆయన గొంతు వినబడి అడుగు నెమ్మదించింది. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. కూతురు గుమ్మంలో నిలబడి, మాట్లాడొద్దని తల్లికి సైగ చేసింది. ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి.

"తీసుకురండమ్మా," అంటున్నాడాయన. "వంతెన దాటగానే ఎడమవైపు. మా అమ్మాయే ఉంటుంది. నా చెయ్యే అనుకోండి. కాదు, నాకంటే నయం."

అవతల ఎవరో దర్జీ ఆవిడ. పాత దుకాణం దగ్గర గొయ్యి చూసి వెళ్లిపోయి, అప్పట్నుంచీ మొద్దు కత్తెరతోనే గుడ్డ చింపుతోందట. ఇవాళ ఊరికే పదును అని కొట్టి చూస్తే దొరికారట. ఆయన ఫోను పెట్టేముందు ఒక్క క్షణం ఆగాడు, ఊరికే ఊపిరి పీల్చుకుంటూ. అవతలివైపూ ఎవరూ పెట్టలేదు. తర్వాత చప్పుడు ఆగింది.

భార్యను చూసి ఆయన ఫోను ఎత్తి చూపించాడు.

"నన్ను అడిగారే. పేరు పెట్టి అడిగారు."

"అడగరా మరి," అంది ఆమె.

ఆయన దిండు సర్ది, దుప్పటి భుజాల దాకా లాగింది. కూతురు టీ పెట్టడానికి వెళ్లింది. ఆయన ఫోనును గుండె మీదే పెట్టుకుని, తెర ఆరిపోయినప్పుడల్లా వేలితో తాకి వెలిగిస్తున్నాడు. ఆమె మంచం పక్కన కూర్చుని పెళ్లిదుస్తుల అక్కచెల్లెళ్ల సంగతి, ఓనరు పరాచికం చెబుతూ వచ్చింది. వడ్రంగి గిరాకీ మాట దగ్గర ఆయన పెదవి కొంచెం కదిలింది. తెర ఆరిపోయింది. ఈసారి ఆయన తాకలేదు. టీ తెచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె మాత్రం చెబుతున్న మాట ఆపకుండా చివరిదాకా చెప్పింది. ఆ తర్వాత కూడా ఆయన చెయ్యి వదలకుండా చాలాసేపు కూర్చుంది.

మూడో రోజు దర్జీ ఆవిడ కత్తెరను గుడ్డలో చుట్టుకుని దుకాణానికి వచ్చింది. విషయం తెలిసి వెనక్కి తిరగబోతుంటే కూతురు ఆపి, కత్తెర చేతిలోకి తీసుకుంది. రాయి తిరిగింది, చప్పుడు వీధి చివరిదాకా వెళ్లింది. పక్కన బల్ల మీద కూర్చుని తల్లి చూసింది. కూతురు మెడ వంచిన తీరు, కత్తెరను వెలుగుకు ఎత్తిన తీరు అన్నీ ఆయనవే. సానరాయి పక్క మేకుకు, ఆయన బొటనవేలికి తొడుక్కునే తోలు తొడుగు వేలాడుతోంది, లోపల వేలు లేకపోయినా ఆ వేలి వంపుతోనే.