పలకని తోక

తెలుగక్షరాల్లో ఫ్రెంచి నేర్పుతామని బోర్డు కట్టినవాళ్ళారా, మసూదా నోట్లో తప్పుడు మాటలు కుక్కింది మీరే. దీన్ని పొరపాటు అనకండి. బద్ధకం.

సిడ్నీలో, గిరావీన్ పేటలో ఒక గ్యారేజీలో నడిచే మీ కోచింగ్‌కి ఆమె ఎనిమిది నెలలు తిరిగింది. భర్త రహీమ్ వీసా జూన్‌తో సరి. ఆ తరవాత కెనడా ఒక్కటే దారి, దానికి ఫ్రెంచి మార్కులు కావాలి. నోటి పరీక్ష గురువారం.

సోమవారం సాయంత్రం పక్కింటి స్నేహకి పాఠం అప్పజెప్పింది. ఇక్కడే పుట్టిన పిల్ల, స్కూల్లో ఐదేళ్ళుగా ఫ్రెంచి చదువుతోంది.

“ఇల్ పార్లెంట్,” అంది మసూదా. వాళ్ళు మాట్లాడతారు అని.

స్నేహ నవ్వాపుకుంది. “ఆంటీ, సౌండ్స్ లైక్ పార్లే-జీ బిస్కెట్. ఇట్స్ జస్ట్ పార్ల్. వన్ సిలబుల్.”

“చివర ఎంట్ ఉంది కదమ్మా. రాసినాక పలకద్దా?”

“నో ఆంటీ, సైలెంట్.”

“ఒకడు మాట్లాడినా అదే, పదిమంది మాట్లాడినా అదేనా?”

“యా. బట్ ‘మనం’ అయితే పార్-లోఁ. టూ సిలబుల్స్. దట్ వన్ యూ సే.”

తెలుగులో రాసిందంతా పలుకుతుంది. మాట్లాడతాడు అంటే ఒకడు, మాట్లాడతారు అంటే పదిమంది. ఇక్కడేమో మాట మొదలు బతికే ఉంటుంది, తోక మాత్రం ఒకచోట పలుకుతుంది, ఇంకోచోట చచ్చి కాగితమ్మీద పడి ఉంటుంది. ఏది ఏదో చూస్తే తెలీదు. మసూదా నోట్సు తిరగేసింది. నూట పది క్రియలు. అన్నిటికీ ఎంట్, ఎంట్, ఎంట్. బట్టీపట్టిన ప్రతి మాటా ఇప్పుడు అనుమానమే. అన్నం తినడానికి నోరు తెరిచినా భయమేసింది. రహీమ్‌కి చెప్పలేదు.

మంగళవారం క్లాసులో లేచింది. సారు బాలమురళి బోర్డు తుడుస్తున్నాడు.

“సార్, పార్లెంట్ కాదంట, పార్ల్ అంట. నిజమేనా?”

“అదా. మీకు చదవడం సులువని అట్లా వేశామమ్మా. ఎగ్జామ్‌లో అడ్జస్ట్ అయిపోతుంది.”

వెనక కూర్చున్నవాళ్ళు రాయడం ఆపేశారు. వాళ్ళలో ఇద్దరికి ఈ వారమే పరీక్ష.

వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది మసూదా.

“మా ఆయన వీసా అడ్జస్ట్ కాదు సార్. ఫ్రెంచోళ్ళ నోటి మాట రికార్డు పెట్టండి. ఒక్కో క్రియా తీసి పలకడం ఎక్కడ ఆపాలో చెప్పండి. పలకని తోకలన్నీ మా అందరి కాగితాల్లో మీ చేత్తోనే కొట్టెయ్యండి. ఇప్పుడే మొదలుపెట్టండి.”