నాలుగున్నర నూలు పానా

మడకశిరలో లలితమ్మ కారు కదలాలంటే వీధిలో కనీసం ముగ్గురు మగవాళ్లు ఖాళీగా ఉండాలి. తాళం తిప్పితే స్టార్టరు గిర్రున తిరిగేది గాని ఇంజనును పట్టుకునేది కాదు. అందుకని ఆ తెల్ల అంబాసిడర్‌ను అంగడి ముందు నుంచి వీధి వాలు దాకా తోయాలి. అక్కడ రెండో గేరు వేసి క్లచ్చి వదిలితే నాలుగుసార్లు దగ్గి లేచేది.

కారు అన్న బదరీనారాయణది. వదిన చిన్న వయసులోనే పోయింది, లలితమ్మ పెళ్లి ఎందుకో కుదరలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు అన్నాచెల్లెళ్లిద్దరూ ఆ చిల్లర అంగడినీ, ఆ కారునూ, ఒకరినొకరు చూసుకుంటూ వచ్చారు. పోయిన ఏడు ఎండల్లో, చింతపండు బస్తా దించుతూ దించుతూ అన్న గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. నెల తిరక్కుండానే స్టార్టరు మొండికేసింది.

మొదట్లో పిలవకముందే వచ్చేవాళ్లు. ఎదురింటి దర్జీ వీరేష్ మిషను ఆపి మరీ వచ్చేవాడు. అన్న పోయిన మనిషి కదా అని అందరికీ జాలి. జాలి ఎన్నాళ్లుంటుంది! మెల్లగా ఆమె తాళాలు పట్టుకుని గుమ్మంలోకి వస్తే వీధి ఖాళీ అయిపోవడం మొదలైంది. ఒకరోజు వీరేష్ తలుపు చాటు నుంచే అన్నాడు.

"లలితక్కా, ఏమనుకోవద్దు. నడుము పట్టేసింది. దినామూ ఈ బండి తోసేది మావల్ల అయితాదా? అమ్మేయగూడదా దాన్ని?"

"అట్లే కానీలేప్పా" అని ఆమె లోపలికి వచ్చేసింది. ఆ వారం సరుకులకు హిందూపురం బస్సులో పోయి, బెల్లం దిమ్మలు ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

ఊళ్లో ఉన్న ఒక్క మెకానికు బానెట్ ఎత్తి చూసి మళ్లీ మూసేశాడు. "ఈ బండ్లకు నా దగ్గర పానాలు ల్యావక్కా. ఎప్పుడో పాత కాలంవి ఇవి" అన్నాడు. సరే, చేసేవాళ్లు లేకపోతే మనమే చేసుకుంటాం అనుకుంది లలితమ్మ. బస్తాలు మోసిన చేతులు, మోకు ముడులు విప్పిన వేళ్లు. ఒక మర విప్పలేమా?

హిందూపురంలో ఒక పానాల సెట్టు కొనుక్కుని వచ్చింది. అంగడి వెనక రేకుల కొట్టంలో గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరింది. స్టార్టరును ఇంజనుకు బిగించిన మరలు రెండు, ఒకటి కింద, ఒకటి పైన. కింది మరకు పద్నాలుగు నంబరు పానా పెట్టింది. ఎక్కలేదు. పదిహేను పెట్టింది. ఎక్కింది, తిప్పగానే జారి మర అంచులు కాస్త అరిగాయి, ఆమె వేళ్ల గెణుపులు కొట్టుకుపోయాయి. పద్నాలుగుకూ పదిహేనుకూ మధ్య ఏదో ఒక కొలత ఉంది. అది సెట్టులో లేదు.

దాని కోసం మూడు బుధవారాలు హిందూపురంలో తిరిగింది. హార్డువేరు షాపులో కుర్చీ వేసి కూర్చోబెట్టి స్క్రూ పానా చూపించారు. ఎంత సైజుకైనా సర్దుకుంటుందన్నారు. అది తలకాయంత లావు, ఇంజను సందులో పట్టదు. గుజరీలో తుప్పు పట్టిన ఇనుప కుప్ప ముందు గొంతుకూర్చుని ఒక్కొక్క పానా ఏరి చూసింది. "ఏం వెతుకుతాండావమ్మా?" అని గుజరీ అతను రెండుసార్లు అడిగాడు. వెతికేదాని పేరే ఆమెకు తెలియదు.

పేరు చెప్పింది లేతు షాపు దేవేంద్ర. ఆమె గెణుపుల గాయాలు చూసి నవ్వి, మూతి తుడుచుకుని అన్నాడు.

"అంబాసిడర్‌కి మిల్లీమీటర్లు పనికిరావు తల్లీ. అది అంగుళాల బండి. అంగుళానికి ఎనిమిది నూళ్లు. నీకు కావాల్సింది నాలుగున్నర నూలు పానా."

"చేసిస్తావా?"

"పద్నాలుగును అరగదీసి కింద మరకు సరిచేసిస్తా. పైన మరకు అట్ల కుదర్దు. ఆడ పానా తిరిగే జాగా ఉండదు. నెలవంక మాదిరి వంచిన రింగు పానా కావాల. చిలమత్తూరు మెకానికు ఖాజా సాయిబు సొంతంగా కొలిమిలో కాల్చి ఒకటి వంచుకున్యాడు. ఆయన పోయి రెండేండ్లాయె. ఆయన భార్య హుస్సేన్‌బీ ఉండాది. అడిగి సూడు."

అదే రోజు మధ్యాహ్నం బస్సెక్కి చిలమత్తూరు పోయింది. ఖాజా షెడ్డులో ఇప్పుడు ఎవరో నీళ్ల క్యాన్లు పేర్చి అమ్ముతున్నారు. వెనక ఒక గది, ముందు చిన్న వసారా. హుస్సేన్‌బీ చేటలో శెనక్కాయలు ఏరుతూ ఉంది. అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా.

లలితమ్మ సంగతంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ హుస్సేన్‌బీ చేట మీద చేయి ఆపి విన్నది. చివర్లో అడిగింది.

"బ్యాటరీ వైరు తీసినావా, కిందికి దూరేముందు?"

"ల్యా."

"మంచి పని చేసినావు. పానా తగిలి నిప్పులు లేచింటే తెలిసుండు."

లేచి లోపలికి పోయి, మంచం కింద నుంచి ఒక ట్రంకు ఈడ్చింది. మూత తెరిస్తే నూనె గుడ్డల మధ్య వరసగా పానాలు. ఒక్కటంటే ఒక్కటికి తుప్పు లేదు. వాటిలోంచి ఒకటి తీసి చీర కొంగుతో తుడిచింది. నెలవంకలా వంగి, రెండు కొసలా రింగులు.

"ఇదే. ముప్పై ఏండ్లు ఆయన బండి కింద ఉంటే నేను పక్కన కూచొని అందిచ్చేదాన్ని. నాలుగున్నర అంటే నాలుగున్నర, అయిదు అంటే అయిదు. చూడకుండానే చేతికి తెలుస్తాది నాకు." పానాను ఒళ్లో పెట్టుకుంది. "దీన్ని మాత్రం ఇయ్యను శెట్టమ్మా. అమ్మేది కాదు. అరువూ ఇయ్యను. పోయిన పానా ఇంటికి రాదని ఆయన చెప్తాండె."

వసారా ముందు ఎండకు కోడి ఒకటి రెక్కలు చాపుకుని పడుకుంది.

"అట్లయితే నువ్వే తీసుకొని రా అక్కా" అంది లలితమ్మ.

హుస్సేన్‌బీ తలెత్తి చూసింది. ఇలాంటి మాట ఎవరూ అనలేదు ఆమెతో. ఆయన పోయాక చిక్కబళ్లాపురంలో ఉన్న కూతురు నాజ్‌నీన్ ఇంటికి తప్ప ఎక్కడికీ పోలేదు.

"నేనా?"

"నాకు పానాలు అందిచ్చేవాళ్లు ఎవురుండారు?"

ఆదివారం పొద్దున పది గంటల బస్సుకు హుస్సేన్‌బీ మడకశిరలో దిగింది. చంకలో గుడ్డసంచి, అందులో పానాలు ఘల్లుమంటున్నాయి. లలితమ్మ ఉగ్గాని చేసి పెట్టింది. హుస్సేన్‌బీ వసారాలోనే కూర్చోబోతే, చేయి పట్టుకుని లోపల పీట వేసింది. అన్న పోయినప్పటినుంచి ఆ ఇంట్లో రెండు కంచాలు కడగడం అదే మొదలు.

తర్వాత కొట్టంలోకి పోయారు. హుస్సేన్‌బీ కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తి, బ్యాటరీ వైరు తానే తీసి పక్కకు వంచింది. లలితమ్మ కిందికి దూరింది.

"మరకు కిరసనాయిలు పోసినావా?"

"రాత్రే పోసినా."

"ఇదో పట్టు, దేవేంద్రయ్య అరగదీసింది. మొదట కొంచెం బిగించు. బిగించి, ఆ మీదట విప్పు. తుప్పు పగులుతాది."

లలితమ్మ బిగించింది. మర కిర్రుమంది. విప్పింది. తిరిగింది.

"ఆ శబ్దమే" అంది పైనుంచి హుస్సేన్‌బీ. "ఆ శబ్దం వినిపిస్తే ఆయన బిస్మిల్లా అంటాండె."

పై మరను హుస్సేన్‌బీయే తీసింది. ఇంజను మీద వంగి, కళ్లు మూసుకుని, వంకర పానాను సందులోకి పోనిచ్చి, వేలెడంత తిప్పి, తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ వేలెడంత. అర్ధగంట పట్టింది. చెమట ముక్కు చివర నుంచి ఇంజను మీద పడుతుంటే లలితమ్మ పక్కన నిలబడి తుండుగుడ్డతో తుడిచింది. మర ఊడి చేతిలోకి రాగానే హుస్సేన్‌బీ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ముప్పై ఏండ్లు అందిచ్చినా గానీ, నా చేత్తో విప్పింది ఇదే మొదలు శెట్టమ్మా" అంది. "ఒక్కసారి ఇయ్యి, నేను చూస్తా అని అడిగుండొచ్చు. అడగలా. ఆయనా అనలా."

స్టార్టరు బయటికి తీస్తే దాని పళ్ల చక్రం ఇరుసు మీద దుమ్ము, జిడ్డు కలిసి రాయిలా గట్టిపడి ఉంది. చక్రం ముందుకు జరగడమే లేదు. అంతే రోగం. కిరసనాయిలులో ముంచి, పాత బ్రష్షుతో తోమి, ఎండలో పెట్టారు. లలితమ్మ నూనె సీసా తెచ్చింది.

"నూనె పుయ్యొద్దు" అని హుస్సేన్‌బీ వారించింది. "ఈ సీమ దుమ్ముకు నూనె తగిల్తే మళ్లా అదే కథ. పొడిగానే ఉండాల."

అది ఆరేలోపు రాగిముద్ద, వంకాయ పుల్లగూర తిన్నారు. హుస్సేన్‌బీ కూతురి సంగతి చెప్పింది. లలితమ్మ అన్న సంగతి చెప్పింది. చెప్పడానికి ఇంతే ఉందా అనిపించేటంత తొందరగా అయిపోయాయి ఇద్దరి సంగతులూ.

మూడు గంటలకు స్టార్టరు బిగించి, వైరు తగిలించి, లలితమ్మ తాళం తిప్పింది. ఇంజను ఒక్క పట్టుకు లేచింది. కొట్టం రేకులు అదిరాయి. హుస్సేన్‌బీ పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

బస్సుకు పోనివ్వలేదు లలితమ్మ. కార్లోనే చిలమత్తూరు తీసుకుపోయింది. హుస్సేన్‌బీ ముందు సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని, హిందూపురం దాటేదాకా ఇంజను చప్పుడు వింటూ కూర్చుంది. ఆ తర్వాత నిద్రపోయింది.

ఇంటి ముందు దిగాక, "ఈ పొద్దు ఉండిపోరాదూ?" అని అడిగింది.

"తెల్లారి అంగడి తియ్యాల అక్కా."

"అవును లే." కాసేపు కారు తలుపు పట్టుకునే నిలబడింది. "ఇంక చెడిపోదులే నీ బండి. పనయితే గట్టిగానే చేసినాం."

ఆ మాట మంచికే అంది. అయినా ఇంక ఇక్కడికి రావాల్సిన పని లేదన్నట్టు వినబడింది లలితమ్మకు. తల ఊపి బండి తిప్పుకుంది.

తిరుగుదారిలో మడకశిర ఇంకా పది మైళ్లుందనగా పొద్దు గుంకింది. అటూ ఇటూ శెనక్కాయ పీకేసిన చేలు, వాటి అవతల గుండ్రాళ్ల గుట్టలు. ఎందుకో ఆమె బండి పక్కకు తీసి ఇంజను ఆపేసింది. ఏడాదిలో ఎప్పుడూ ఇట్లా చదును నేల మీద, మనుషులు లేనిచోట ఇంజను ఆపలేదు. గాలి తప్ప చప్పుడు లేదు. బాగైందని ఎవరికైనా చెప్పాలనిపించి ఫోను చేతిలోకి తీసుకుంది. పేర్లన్నీ పైనుంచి కిందికి చూసుకుంది. సరుకుల వాళ్లు, గ్యాసు అతను, కరెంటు ఆఫీసు. అన్న నంబరు ఇంకా తీసెయ్యలేదు. ఫోను సీటు మీద పెట్టి తాళం తిప్పింది.

మర్నాడు పొద్దున అంగడి తెరవకముందే కారును ముందుకు తెచ్చి నిలిపి, మళ్లీ ఒకసారి స్టార్టు చేసింది. చప్పుడు విని వీరేష్ టేపు మెడలో వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"అరె, బాగైందా అక్కా! ఎవురు చేసిరి?"

"మేమే చేసుకున్యాం."

"ఇంగేమి, తోసే పని తప్పింది మాకు!" అని నిండా నవ్వి, చెయ్యి ఊపి, లోపలికి వెళ్లిపోయాడు. కుట్టుమిషను చప్పుడు మొదలైంది.

ఆ రోజు ఆమెకు పోవాల్సిన ఊరేమీ లేదు. కాసేపు స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. తర్వాత ఇంజను ఆపి, దిగి, అంగడి తలుపులు తీసింది.