ఎడమ తలుపు మీద మరకలు

గిన్నెలు తోమేటప్పుడు చెయ్యి గుండ్రంగా తిరుగుతుంది. కారు తోమేటప్పుడు తిరగకూడదు. ముందు నుంచి వెనక్కి, ఒకే దారిలో, ఒకే బరువుతో పోవాలి. చివరికి రాగానే చెయ్యి ఎత్తి మళ్ళీ మొదటికి రావాలి. పదహారేళ్ళుగా సింకు ముందు నిలబడ్డ చేతికి ఈ సంగతి నేర్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ గురువారం ఉదయం ఆరింటికి నేను గిన్నెలే తోముతున్నాను. మా ఆయన మధుకర్ షెడ్డు నుంచి ఫోన్ చేశాడు.

"జల్ది రా. తలుపుకు తుప్పొచ్చింది."

"స్టీలుకు తుప్పేంది?"

"అదే నిన్ను అడుగుతున్న. ఏం జేసినవ్ అశ్వినీ?"

నార్సింగిలో మా ఇంటికి రెండు సందుల అవతల ఉంది షెడ్డు. చేతులు తుడుచుకోకుండానే నడిచాను. పాత కార్లు బాగుచేయడం మధుకర్ పని. ఈ కారు మాత్రం అన్నిట్లాంటిది కాదు. నలభై ఏళ్ళ కిందట పరదేశంలో తయారైంది, ఒళ్ళంతా స్టెయిన్‌లెస్ స్టీలే. రంగు లేదు. రంగు లేదు కాబట్టి సొట్ట పడితే పుట్టీ పెట్టి కప్పడానికి ఉండదు. స్టీలు మీద వెంట్రుక కన్నా సన్నటి గీతలు ముందు నుంచి వెనక దాకా తిన్నగా ఉంటాయి. పాత యజమానులు ఎవరెవరో ఎట్ల పడితే అట్ల రుద్ది వాటిని పాడుచేశారు. వాటిని మళ్ళీ గీయాలి. మధుకర్ ఒకరోజు ప్రయత్నించి, భుజం పట్టేసిందని పీచు నా చేతికిచ్చాడు. "అంట్లు తోముడే గదా, నీకు అలవాటే" అన్నాడు. అప్పటి నుంచి పద్నాలుగు నెలలు, రోజూ పొద్దున నాలుగున్నరకు లేచి, ఆరు దాకా తోమి, ఇంటికొచ్చి వంటచేసి, తొమ్మిదింటికి నానక్‌రామ్‌గూడ వెళ్ళే షేర్ ఆటో ఎక్కేదాన్ని. పోయిన గురువారం తోముడు పూర్తయింది, ఆ తర్వాత షెడ్డులో అడుగు పెట్టలేదు. అక్కడ ఒక కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరును. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో, ఏ మెట్టు దగ్గర పుట్టిందో పట్టుకోవడం నా పని. పట్టుకున్నాక వచ్చే అభినందన మెయిల్లో నా పేరుండదు. ఇంట్లో కూడా అంతే కాబట్టి పెద్ద తేడా తెలిసేది కాదు.

ఇంజిన్ బాగుచేసింది మధుకరే. అందులో అబద్ధం లేదు. ఆరేళ్ళు మూలుగుతూ పడున్న ఇంజిన్ ఆయన చేతిలో పిల్లిలా గుర్రుమంది. కానీ కారు చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ ఇంజిన్ చూడరు. తలుపు మీద అరచెయ్యి ఆనించి "అబ్బ" అంటారు. ఆ "అబ్బ" కూడా ఆయన ఖాతాలోకే పోయింది. ఊళ్ళో కుర్రాళ్ళు ఆయనకు 'స్టీల్ డాక్టర్' అని పేరు పెట్టారు.

షెడ్డులో ఎడమ తలుపు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు మధుకర్. తలుపు మధ్యలో పళ్ళెమంత మేర, టీ పొడి చల్లినట్టు ఎర్రటి చుక్కలు.

"ఆదివారం గచ్చిబౌలిల పాత కార్ల ప్రదర్శన," అన్నాడు. "ఇయ్యాల పదకొండుకు సారు వస్తున్నడు. ఇది జూస్తే రెండో బండి మనకు ఇయ్యడు."

కారు యజమాని భీమేశ్వరరావు గారికి అలాంటిదే ఇంకో స్టీలు కారుంది. గుడ్డ కప్పి, మదీనాగూడలో వాళ్ళ ఇంటి సెల్లార్లో ఉంది. దాని మీద గీతలు మొత్తం చెరిగిపోయాయి. దానికి ఎప్పుడు చెయ్యి పెడతానా అని నేను కలలు కంటున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరు.

"నువ్వేదో నీళ్ళతోటి కడిగుంటవ్," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక పని జెయ్యి. సారు అడిగితే తెల్వక జేసిన అని ఒప్పుకో. ఆడమనిషివి, నిన్నేమనడు. నా పేరు పోతే షెడ్డే పోతది. జర అర్థం జేసుకో."

నేను అర్థం చేసుకోవడానికే తలుపు దగ్గర కూర్చున్నాను. నాకు వచ్చిన పని అదొక్కటే. తప్పు ఎక్కడ పుట్టింది? చుక్కల్ని తేరిపార చూశాను. అవి చెల్లాచెదరుగా లేవు. వరసలో ఉన్నాయి. ఆ వరస తిన్నగా లేదు, వంకర తిరిగింది. ఒక వంపు, దాని పక్కన ఇంకో వంపు, ఉప్మా కలిపినట్టు గుండ్రంగా. ఈ కారు మీద పది నెలలుగా నా చెయ్యి ఒక్కసారి కూడా గుండ్రంగా తిరగలేదు. నీళ్ళ మరకైతే కిందికి జారాలి. ఇది చెయ్యి తిరిగిన మరక. ఎవరి చెయ్యి?

అప్పుడు గుర్తొచ్చింది మా అత్తమ్మ. పెళ్ళయిన వారానికి నేను ఇనుప పీచుతో ఆమె స్టీలు బిందె తోమాను. మూడోరోజుకు బిందె మీద ఎర్ర చుక్కలు. "ఇంజనీరింగ్ సదివినవట గదా పిల్లా! ఇనుప పీచు ముక్కలు స్టీలుల ఇరుక్కుంటయ్, అవి తుప్పు వడ్తయ్. బిందెకు కాదు తుప్పు, నీ తెలివికి" అంది సత్తెమ్మ అత్తమ్మ, ఇంటికొచ్చిన నలుగురి ముందర. ఆ మాట పదహారేళ్ళు ముల్లులా గుచ్చుకుంది. ఇవాళే అది పనికొచ్చింది.

షెడ్డులో ఇనుప పీచు ఉంది. కారు కింది ఫ్రేము గీకడానికి తెచ్చింది, మూలనున్న బల్ల మీద ఉంటుంది. నేను దాన్ని ముట్టను. నాది ఆకుపచ్చ పీచు, వంటింట్లో వాడేదే. ఫోన్ తీసి, పోయిన శుక్రవారం మధుకర్ పెట్టిన వీడియో చూశాను. ఆరోజు నేను ఆఫీసులో ఉన్నాను. నలభై వేలమంది చూసిన వీడియో. స్టీల్ డాక్టర్ నవ్వుతూ తలుపు తోముతున్నాడు, వెనకాల పాట. చేతిలో పీచు బూడిద రంగులో ఉంది. చెయ్యి గుండ్రంగా తిరుగుతోంది.

శనివారం నుంచి ముసురు, ఇరుక్కున్న ఇనుప ముక్కలకు తేమ. లెక్క సరిపోయింది.

నాకు కోపం రాలేదు. వింతగా, మనసు నెమ్మదించింది. ఫోన్ జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళి, ఆఫీసుకు సెలవు పెట్టి, స్నానంచేసి, నిమ్మ ఉప్పు డబ్బా సంచిలో వేసుకుని తిరిగొచ్చాను. సింకులో గిన్నెలు అలాగే ఉన్నాయి. పదహారేళ్ళలో మొదటిసారి వాటిని వదిలేసి బయటికొచ్చాను.

పదకొండుకు భీమేశ్వరరావు గారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర. తలుపు ముందు వంగి చూశారు.

"ఏవిటయ్యా ఇది?"

"మా ఆవిడ సార్," అన్నాడు మధుకర్, నావైపు చూడకుండా. "పాపం, సాయం జేద్దామని తెల్వక ఏందో వేసి కడిగింది. నేను జూస్కుంట సార్, మీరు ఫికర్ జెయ్యకుండ్రి."

ఆయన నావైపు తిరిగారు. "అంతేనా అమ్మా?"

తలూపితే అయిపోయేది. పదహారేళ్ళుగా ఊపిన తలే. మెడకు ఆ దారి బాగా తెలుసు.

"మధుకర్ వీడియో చూశారా సార్?" అన్నాను.

"చూశానమ్మా. మూడుసార్లు చూశాను. మా మనవరాలికి కూడా చూపించాను."

"నాలుగోసారి చూడండి సార్. ఈసారి మొహం కాదు, చెయ్యి చూడండి."

ఫోన్ ఆయనకిచ్చాను. మధుకర్ అడుగు ముందుకేసి ఆగిపోయాడు. పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని ఫోన్లోకి చూశారు, తలుపు వైపు చూశారు, మళ్ళీ ఫోన్లోకి చూశారు. కర్ర కొనతో గాల్లో ఒక సున్నా చుట్టారు.

"మధుకర్, ఈ కారు మీద గీత ఎటు పోతుందయ్యా?"

మధుకర్ తలుపు చూశాడు, పైకప్పు చూశాడు. "అంటే... నిలువు సార్. కొంచెం... ఐమూల."

"బోనెట్ మీద?"

మధుకర్ బోనెట్ వైపు నడవబోయాడు.

"ముందు నుంచి వెనక్కండి," అన్నాను. "అన్నిచోట్లా. హెడ్‌లైటు చుట్టూ కూడా వంగదు. అక్కడ పీచును రెండు వేళ్ళంత కత్తిరించుకోవాలి." నా కుడి చూపుడువేలు చూపించాను. పక్కన కాయ కాసింది, అదీ తిన్నగానే. "ఈ మరక లోతుకు పోలేదండి. నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పట్టిస్తే ఇరుక్కున్న ఇనుము కరిగిపోతుంది. తర్వాత గీతలు మళ్ళీ కలపాలి. రేపు సాయంత్రానికి అవుతుంది."

ఆయన నా వేలు చూశారు. "ఇన్నాళ్ళూ నేను తప్పు మనిషికి దండం పెట్టానన్నమాట," అన్నారు. "సోమవారం రెండో కారు పంపిస్తానమ్మా."

"నా పేరు మీద పంపండి సార్. ఇంకో మాట. దాని పని పొద్దున పదింటి నుంచి అయిదు దాకా చేస్తాను. వంటకు ముందు, ఆఫీసుకు ముందు దొంగతనంగా చేయను. ఆఫీసులో వచ్చే నెల నుంచి రానని చెప్తాను. అందాకా మీ కారు గుడ్డ కప్పుకుని ఉండాలి."

"నాలుగు దశాబ్దాలు ఆగింది," అన్నారాయన. "ఇంకో నెల ఆగదా?"

ఆయన వెళ్ళిపోయాక నేను నిమ్మ ఉప్పు కలిపాను. గుడ్డ తడిపి తలుపు మీద పరిచాను. మధుకర్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అందరి ముందర ఇజ్జత్ తీసినవ్," అన్నాడు.

"అందరెక్కడ? సారు ఒక్కడే గదా ఉన్నది. నలభై వేలమందికి నువ్వే చూపిచ్చినవ్."

నవ్వబోయి ఆపుకున్నాడు. కాసేపటికి దగ్గరికొచ్చి, నా ఆకుపచ్చ పీచు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన దాన్ని సరిగా చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

"నన్నేం జెయ్యమంటవ్ చెప్పు," అన్నాడు. "తోమాల్నా?"

"తోము," అన్నాను, తలుపు మీది గుడ్డ సరిచేస్తూ. "ఇంట్లో సింకు నిండ గిన్నెలున్నయ్. అక్కడ చెయ్యి గుండ్రంగ తిప్పినా ఏం గాదు."