పలచటి పిడి

కొమ్ము పిడి అయితే ఇంత పలచగా ఉండదు, ఉండటానికి వీల్లేదు, వేటకి వాడే కత్తి అన్నాక పిడి చేతినిండా ఉండాలి, చెమట పట్టినా జారకూడదు, ఇది తెలుసుకోవడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. మరి ఈ చెక్కముక్కల్ని ఇక్కడ బిగించిన మహానుభావుడు ఏం ఆలోచించాడో, అసలు ఆలోచించాడో లేదో!

అతను భూతద్దం కంటి నుంచి తీసి బల్ల మీద పెట్టాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. వెంట్రుకవాసి తేడా కూడా తప్పించుకోలేని కన్ను. ఆ కన్నుతో సెలవురోజంతా ఒక మడతకత్తిని చూస్తున్నాడు. కత్తి నోరు విప్పడం లేదు. బ్లేడు మొదట్లో తయారీదారు వేసిన ముద్ర ఏళ్ళ తరబడి సానకి అరిగిపోయి, అది కిరీటంలో సగమో, దువ్వెనలో సగమో తెలియకుండా మిగిలింది. గోరు పెట్టి తెరిచే గాడి మాత్రం చక్కగా ఉంది. పిడికి రెండు వైపులా నల్లబడిన చెక్క, ఒక పక్క అరుగుదలకి పడిన చిన్న పల్లం, ఇత్తడి రివెట్లు. చివరి రివెట్టు వదులై, కదిపినప్పుడల్లా పిడి టకటకమంటోంది. ఆ చప్పుడు కూడా తనని వెక్కిరిస్తున్నట్టే ఉంది.

"ఇంకా తేల్లేదా?" వంటగదిలోంచి భార్య అడిగింది. "నన్ను చేసుకునే ముందు కూడా ఇంత పరీక్షగా చూడలేదు మీరు."

"చూసుంటే..."

"ఆఁ, చూసుంటే? ఆపారేం, కానివ్వండి."

అతను కానివ్వలేదు. ఆ మాత్రం బతకనేర్చాడు.

తండ్రి అతనికి గుర్తులేడు. ఫొటో కూడా లేదు. చిన్నప్పుడు ఎప్పుడో అమ్మ ఈ కత్తి మడుస్తూ, "ఇది మీ నాన్నది. తన గుర్తు ఒకటి గీసుకున్నాడు దీని మీద" అంది. ఏం గుర్తు, ఎక్కడ? అడగలేదు. అడగడానికి అమ్మ ఎప్పుడూ ఉంటుంది కదా అనుకున్నాడు. కిందటేడు అమ్మ పోయింది. ఆమె అలమరా సర్దుతుంటే చీరల కింద కత్తి దొరికింది. పైన ఎక్కడా గీత లేదు. ఉంటే పిడి కింద ఉండాలి. లేకపోతే అమ్మ పిల్లవాణ్ణి ఊరుకోబెట్టడానికి ఏదో చెప్పిందనుకోవాలి. అప్పుడు తండ్రి చెయ్యి తగిలిన వస్తువు ఈ లోకంలో ఒక్కటీ లేనట్టే. యాభై దాటినవాడికి ఇప్పుడు ఇదంతా ఎందుకని అడగొచ్చు. పంటి సందులో పీచు ఇరుక్కుంటే నాలుక అక్కడికే పోతుంది, దాన్ని ఎందుకని ఎవరూ అడగరు.

అడిగితే చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ముందుగదిలో రేడియో పెద్దగా పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ రెండో భర్త. నాలుగేళ్ళ వయసులో 'బాబాయ్' అని పిలవమన్నారు, పిలిచాడు, ఆ పిలుపే ఉండిపోయింది. పిడి ఎవరు వేశారంటే ఆ బాబాయ్ ఒకరోజు "ఎవడో లారీ డ్రైవరు" అన్నాడు. ఇంకోరోజు "కొన్నప్పుడే అట్లా ఉంది" అన్నాడు. మరోరోజు అది విరిగిపోయిన గొడుగు కర్ర అయింది. గొడుగు కర్ర గుండ్రంగా ఉంటుంది కదా బాబాయ్ అంటే, "అయితే గొడుగు కాదేమోలే" అని రేడియో గొంతు పెంచాడు. ఇలాంటి మనిషితో ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఎలా బతికామో అనిపించింది.

ఫోను మోగింది. పాతసామాన్ల దుకాణం అతను.

"గురువుగారూ, మీరు పంపిన ఫొటోలు చూశా. బ్లేడు మంచి జాతిది. పిడి మాత్రం ఎవడో తలకాయలేనోడు వేశాడు. ఇంత పలచగానా? మగాడి చేతికి ఆనుతుందా అసలు? ఊడదీసెయ్యండి. లోపల ఏమన్నా ఉంటే అప్పుడు చెప్తా."

"ఊడదీస్తే చెక్క నిలుస్తుందా?"

"ఎక్కడ నిలుస్తుందండీ, ఎండి పెళుసెక్కిపోయింది. డ్రిల్లు తగలగానే ఠప్పుమంటుంది. పోతే పోనివ్వండి, అదేమన్నా చందనమా! నా దగ్గర కొమ్ము పిడి ఉంది. వేశామంటే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు."

కన్నతల్లి ప్రస్తావన ఇప్పుడు అవసరమా అనుకుంటూ ఫోను పెట్టేశాడు. బల్ల అంచున ఉన్న వైస్‌లో కత్తిని బిగించాడు. కళ్ళజోడు స్క్రూల కోసం వాడే సన్నటి డ్రిల్లు తీశాడు. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఏంట్రా అది, పళ్ళ డాక్టరులాగ?" బాబాయ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"పిడి ఊడదీస్తున్నా."

"ఊడదియ్యి. నాకేం."

అన్నాడేగానీ కదల్లేదు. దగ్గాడు. వెంటనే అతనికీ దగ్గొచ్చింది, అదే సాగదీత, చివర్న అదే గురక.

"ఇద్దరికీ ఒకటే హారను!" అంది భార్య లోపల్నుంచి.

అతనికి ఒళ్ళు మండింది. రక్తసంబంధం లేని మనిషి దగ్గు తనకెలా అంటుకుంది? కావాలనే అన్నాడు: "ఎవడో తలకాయలేనోడు వేశాడట ఇది. దుకాణం అతను చెప్పాడు. మగాడి చేతికి ఆనదట."

"మగాడి చేతికని వాడికెవడు చెప్పాడ్రా?" బాబాయ్ గొంతు రేడియోని మించిపోయింది. "మీ అమ్మ చెయ్యి ఎంతుండేది? అచ్చాఫీసులో పొద్దస్తమానం కాగితాల కట్టలకి తాళ్ళు కొయ్యాలి. ఆ కొమ్ము పిడి బొద్దుగా ఉండి చేతిలో తిరిగిపోయేది. వేళ్ళ నిండా బొబ్బలు. పక్కన మిషను తిప్పుతూ రోజూ చూడలేక చచ్చేవాణ్ణి. అక్షరాలు పెట్టే చెక్క అర ఒకటి విరిగితే, దాని అంచు తీసుకుని అరగదీశా."

"చెయ్యి కొలత అడిగావా?"

"అడగడానికి అప్పటికి మా మధ్య మాటలెక్కడివి? సిరా చేత్తో ఓ కట్ట పట్టుకుంది, పై కాగితం మీద అరచెయ్యి పడింది. ఆ కాగితం చించుకుని ఇంటికి తెచ్చుకున్నా."

"మరి లారీ డ్రైవరు? గొడుగు?"

"నువ్వు ఊరికే పీక్కుతింటుంటే ఏదో ఒకటి చెప్పాగా!"

"ఈ ముక్కే చెప్పొచ్చుగా బాబాయ్!"

"సిగ్గెయ్యదురా? ఇట్లాంటివి నీతో ఏం చెప్పను?"

అతను డ్రిల్లు పట్టుకునే ఉన్నాడు. "గుర్తేమన్నా ఉందా దాని మీద?"

"ఉంది. కొమ్ము పొట్టిగా ఉండి, చివర్న ఇనుము బయటికుండేది. అక్కడ మేకుతో ఏదో గీసుంది. ఆ అంచు ఆమెకి గుచ్చుకునేది. అందుకని చెక్క చివరిదాకా వేశా."

"గీత అరగదీశావా?"

"నాది కాదుగా, ఎందుకు అరగదీస్తా?"

"ఏం గీసుందో చూడలేదా?"

"చెప్పానుగా, నాది కాదని." గుమ్మం వదిలి వెనక్కి తిరిగాడు. "రేడియోకి బ్యాటరీలు తెస్తానన్నావు. అది మాత్రం గుర్తుండదు."

చెప్పుల చప్పుడు ముందుగదిలోకి పోయింది.

అబద్ధాల మీద అబద్ధాలు చెప్పిన మనిషి మాట. కోర్టులో అయితే చెల్లదు. అతను కత్తిని వైస్‌లోంచి విడిపించి, పిడి మీద ఉన్న పల్లంలో బొటనవేలు పెట్టి చూశాడు. పొద్దుటి నుంచి 'అరుగుదల' అని తేల్చేసిన పల్లం. తన వేలు అందులో పట్టలేదు, రెండు పక్కలా పొంగింది. భూతద్దంలోంచి ఇంతసేపు చూసి, ఒక్కసారి కూడా చెయ్యి పెట్టి చూడలేదు. గీత ఉంటే, దాని మీద ఈ చెక్క ఉంది. చెక్క మీద అమ్మ వేలు ఉంది. గీతని చూడాలంటే ఆ రెండూ పోవాలి. ఒకరు గీత గీసి పోవడం, ఒకరు దాన్ని కప్పెట్టి నోరు మూసుకోవడం, ఒకరు చీరల కింద దాచడం; మధ్యలో తను, ఈ వెధవ డ్రిల్లూ. ముగ్గురి మీదా ఒకేసారి కోపం వచ్చింది. ముగ్గురిలో ఒక్కరి గొంతే ఇంకా వినబడుతోంది.

"బ్యాటరీలు!" అని కేక వినిపించింది ముందుగదిలోంచి.

"వస్తున్నా!" అని అరిచాడు.

డ్రిల్లు సొరుగులో పడేశాడు. చిన్న సుత్తి తీసి, కత్తిని ఇనుప దిమ్మ మీద పక్కకి పడుకోబెట్టి, వదులైన రివెట్టు తల మీద, అది బిగిసేదాకా, మెల్లగా కొట్టాడు.