శిఫాను ఇచ్చి సుర్రయ్యాను తెచ్చుకున్న సీజన్

మెహర్ సుల్తానాది హన్మకొండ. దోహాలో ఒక బడిలో ఆటల టీచరు. పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళాక, అదే బడి హాల్లో దక్కన్ స్టార్స్ అనే అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు కోచింగ్ ఇచ్చేది. ఇతర దేశాల నుంచి వచ్చి దోహాలో ఉంటున్న కుటుంబాల ఆడవాళ్ళ కోసం ఒక లీగు నడుస్తుంది. అందులో ఒకప్పుడు కప్పు గెలిచిన జట్టు అది.

గెలిచిన మరుసటి ఏడే జట్టు ఖాళీ అయిపోయింది. ఒకామె భర్తకు ప్రాజెక్టు ముగిసింది. ఇంకొకామె కెనడా వెళ్ళింది. మరొకామెకు కవలలు పుట్టారు. కప్పు ఎత్తుకుని ఫొటో దిగినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. ఆట అలవాటున్న పెద్దవాళ్ళ కోసం మెహర్ ఎవరినీ బతిమాలలేదు. తన బడిలో పెద్ద తరగతుల అమ్మాయిలను పోగుచేసి, బంతిని నేలకు కొట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మొదటి ఏడాది వాళ్ళు ఎంత ఘోరంగా ఓడేవాళ్ళంటే, అవతలి జట్లవాళ్ళు జాలిపడి రెండో సగంలో తమ మంచి ఆటగత్తెలను కూర్చోబెట్టేవాళ్ళు. రెండో ఏడు జాలి ఆగింది. మూడో ఏడు మొదలయ్యేసరికి అప్పుడప్పుడూ గెలుస్తున్నారు కూడా.

వాళ్ళందరిలోకి శిఫా వేరు. సిద్దిపేట నుంచి వచ్చిన కుటుంబం. ఉమ్ ఘువైలినా అనే పేటలో, బడికి రెండు వీధుల అవతల ఇల్లు. పన్నెండో తరగతి పూర్తయినా ఆట మానలేదు. బంతిని ముందుకు తెచ్చి ఎవరికి అందించాలో చూసుకునే స్థానం ఆమెది. పొట్టిపిల్ల. తలకు కట్టిన స్కార్ఫు చెదరకుండా, ఎవరి చేతుల కింద నుంచి దూరిపోయేదో తెలిసేది కాదు. ఆమె తల తిప్పకముందే ఎత్తుగా ఉండే మెహ్విష్ బుట్ట కిందకు పరుగు తీసేది. అలా ఇద్దరి మధ్య కుదిరిన ఆటను చూసినప్పుడల్లా, ఇంకో ఏడాది గడిస్తే వీళ్ళను ఆపేవాళ్ళు ఉండరని మెహర్‌కు అనిపించేది.

ఆ ఏడాదే గడవలేదు.

జట్టుకు మేనేజరు నిసార్ అహ్మద్. బోధన్ మనిషి, కార్గో ఆఫీసు యజమాని. జెర్సీల మీద ఆ ఆఫీసు పేరే ఉంటుంది. సీజన్ మధ్యలో జట్ల మధ్య ఆటగత్తెలను మార్చుకోవడానికి లీగు ఒక వారం గడువు ఇస్తుంది. ఆ వారంలో ఒకరోజు ఆయన మెహర్‌ను ఆఫీసుకు పిలిచి, కరక్ చాయ్ తెప్పించి, నెమ్మదిగా విషయం చెప్పాడు.

"ఆపా, అల్ ఖోర్ టీమ్ సుర్రయ్యా తెలుసు కదా? ఆమెను మనకిస్తరట."

తెలియకపోవడమేమిటి. సుర్రయ్యాది కడప. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఆడిన మనిషి. ముప్పై ఏడేళ్ళు వచ్చినా ఆమె చేతిలో బంతి ఉంటే అవతలివాళ్ళు రెండడుగులు వెనక్కి వేస్తారు.

"మంచిదే భాయ్. మన పిల్లలకు గసొంటి మనిషి కావాలె. బదులుగా ఎవరినడుగుతున్నరు?"

నిసార్ చాయ్ కప్పును కొంచెం పక్కకు జరిపాడు. "శిఫాను."

మెహర్‌కు మొదట నవ్వొచ్చింది. ఆయన నవ్వకపోయేసరికి కుర్చీలో ముందుకు వంగింది.

"భాయ్, నా మాట జర వినుండ్రి. పాత ప్లేయర్ వద్దని నేనంటలేను. అందరూ పిల్లలే ఉంటే ఆఖరి నిమిషంల ఆగమైతరు, నేను చూస్తనే ఉన్న. ఒక పెద్దామె ఉండాలె. బెంచి మీద నుంచి లేచొచ్చి కొంచెం సేపు ఆడి, భయమైనప్పుడు బంతి ఎట్ల పట్టుకోవాల్నో చూపించి, మళ్ళ కూసోవాలె. గసొంటామె కోసం బెంచి మీదుండే మరీహాను ఇద్దాం. కావాలంటే వచ్చే ఏడు వచ్చే కొత్త పిల్లలల్ల వాళ్ళిష్టమొచ్చినామెను తీసుకోమందాం. గని శిఫాను ఇస్తే ఎట్ల? ఈ పిల్లలు మంచిగ తయారయ్యే టైముకు సుర్రయ్యా ఆట బందుచేస్తది. అప్పుడు మన చేతుల ఏముంటది?"

"మీరు చెప్పేది నూటికి నూరుపాళ్ళు కరెక్టు ఆపా," అన్నాడు నిసార్. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లల బూట్లు చిరిగితే అడక్కముందే కొత్తవి తెప్పించేవాడు. "గని మా పార్ట్‌నర్లు వింటలేరు. మూడేండ్ల నుంచి ఓడుతున్న టీమ్ మీద మన పేరెందుకు, తీసేయమంటున్నరు. ఈసారి సెమీస్‌కన్నా పోకపోతే టీమే ఉండదు. అల్ ఖోరోళ్ళు మరీహా వద్దన్నరు, మెహ్విష్ అన్నా వద్దన్నరు. శిఫా అయితేనే అంటున్నరు. నేను మాటిచ్చేసిన."

"ఆ పిల్లను అడిగిన్రా?"

"లీగ్ రూల్స్‌ల అడగాల్నని లేదు కదా ఆపా."

మెహర్ లేచి నిలబడింది. కోచింగ్ మానేస్తానని నోటిదాకా వచ్చింది. అయితే మిగతా అమ్మాయిల తల్లిదండ్రులు ఆమె ఉందనే పంపుతున్నారు. ఆమె మానేసిన మరునాడే వాళ్ళంతా ఇళ్ళల్లో కూర్చుంటారు. ఆ సంగతి నిసార్‌కూ తెలుసు. చాయ్ సగం అలాగే వదిలేసి బయటికి వచ్చి, కారులో ఏసీ చల్లబడేదాకా స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. అల్ ఖోర్ కోచ్ రాజేశానికి ఫోన్ చేసి, ఈ మార్పిడి ఆపమంది. జగిత్యాల ఆయన, మాట మెత్తన.

"మేడం, నా చేతుల ఉంటే నేనే ఆపుతుంటి," అన్నాడు. "మా మేనేజర్‌కు చిన్న వయసు ప్లేయర్లే కావాలె. సుర్రయ్యమ్మను పంపుతున్నందుకు నాకు మాత్రం బాధ లేదా?"

సాయంత్రం మెహర్ శిఫా వాళ్ళింటికి వెళ్ళింది. తల్లి వజీరున్నీసా పళ్ళెంలో ఖర్జూరాలు పెట్టింది. తండ్రి ఫరీదుద్దీన్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, బనీను మీద చొక్కా తొడుక్కుంటూ గదిలోంచి వచ్చాడు. ఆయన గిడ్డంగిలో స్టోర్‌కీపరు. షిఫ్టులు మారుతూ ఉంటాయి.

మెహర్ చెప్పింది. శిఫా వింటూ వింటూ ఒకసారి తల్లి వైపు చూసింది.

"నేనేం తప్పు చేసిన మిస్?"

"తప్పేం లేదు బేటా. మంచిగ ఆడుతవ్ కాబట్టే అడిగిన్రు."

"మంచిగ ఆడితే పంపిచ్చేస్తరా?"

పెద్ద పెద్ద లీగుల్లో ఇలాగే జరుగుతుందనీ, అదొక గౌరవమనీ మెహర్ చెప్పబోయి ఆగింది. పెద్ద లీగుల్లో ఆడేవాళ్ళు విమానమెక్కి ఇంకో ఊరికి మారిపోతారు. ఈ పిల్లకు నడిచి వెళ్ళే హాలు ఒక్కటే ఉంది. అల్ ఖోర్ అంటే కారులో దాదాపు గంట.

ఫరీదుద్దీన్ గొంతు సవరించుకున్నాడు. "టీచరమ్మా, మీరున్నరు, ఇంటి దగ్గర ఉంది, అని పంపినం. అల్ ఖోర్ అంటే ఉన్న ఒక్క కారు నా డ్యూటీకే పాయె. ఎవరి బండ్ల పంపాలె? ఎవరు తీసుకొస్తరు?" ఆయన మాటలో కోపం లేదు. అదే మెహర్‌కు ఎక్కువ కష్టంగా ఉంది.

"నేను అడిగి చూస్త భాయ్," అంది. ఎవరిని అడగాలో ఆమెకే తెలియదు.

ఆ శుక్రవారం సెలవు కావడంతో ఫరీదుద్దీన్ కూతురిని అల్ ఖోర్‌కు తీసుకెళ్ళాడు. తర్వాతి వారం కూడా వెళ్ళారు. ఆ తర్వాత ఆయనకు శుక్రవారం షిఫ్టు పడింది. రాజేశం బస్సు ఏర్పాటు చేయమని వాళ్ళ మేనేజరును అడిగాడు కానీ ఒక్క పిల్ల కోసం బస్సేమిటన్నారట. శిఫా పేరు అల్ ఖోర్ జట్టులో ఉంది. శిఫా ఇంట్లో ఉంది.

ఇటు సుర్రయ్యా వచ్చింది. మొదటిరోజు భర్త ఆమెను దింపి, ప్రాక్టీసు అయ్యేదాకా కారులోనే కూర్చున్నాడు. మెహర్ ఆమె మీద కోపం పెంచుకోవాలనే చూసింది, కుదరలేదు. సుర్రయ్యా కుడి మోకాలికి పట్టీ బిగించుకుంటూ తానే ముందు మాట్లాడింది.

"అక్కా, ఆ పాపను నా కోసం పంపించినారంట కదా. నన్ను గూడా ఎవురూ అడగలేదు. ఊరికే వాట్సాప్‌లో పెట్టినారు, నేను చూసుకున్యా. వద్దని చెప్పినా వినలేదు."

"మోకాలు ఎట్లుంది?"

"ఎక్కువసేపు ఆడితే వాపొస్తాది. నన్ను కొంచెం కొంచెం ఆడించక్కా. మిగిలిన టైములో ఆ పొడుగు పాపకు నేర్పిస్తా."

మెహర్ కోరుకున్న మనిషే వచ్చింది. మెహ్విష్‌కు వీపు ఆనించి చోటు సంపాదించడం, దెబ్బ తగలకుండా పడటం, రెఫరీతో మర్యాదగా వాదించడం అన్నీ చెప్పేది. పిల్లలు ఆమెను పిన్నీ అని పిలవడం మొదలుపెట్టారు. ఈమె ఉంటూ శిఫా కూడా ఉండి ఉంటే ఈ జట్టు ఎలా ఉండేదో అని మెహర్ ఆ చివర బంతి తెచ్చే చోటు వైపు చూసేది. అక్కడ మరీహా తడబడుతూ ఉండేది.

సుర్రయ్యాను కొంచెం కొంచెం ఆడించడం ఒక్క మ్యాచ్ వరకే సాగింది. అది ఓడిపోయారు. నిసార్ ఫోన్ చేసి, "ఆపా, అంత చేసి తెచ్చినామెను బెంచి మీద కూసోబెడితే పార్ట్‌నర్లకు నేనేం చెప్పాలె?" అన్నాడు. తర్వాతి మ్యాచ్ నుంచి మరీహా స్థానంలో సుర్రయ్యాయే బంతి ముందుకు తెస్తూ దాదాపు ఆటంతా ఆడింది. గెలిచారు. మళ్ళీ గెలిచారు. సెమీస్‌కు చేరారు. నిసార్ అందరికీ బిర్యానీ పంపాడు. మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని సుర్రయ్యా ఆ బిర్యానీ తింటుంటే, వద్దు ఇక చాలు అని చెప్పాల్సింది తానేనని మెహర్‌కు తెలుసు. చెప్పినా ఆ మాట నడవదనీ తెలుసు.

సెమీ ఫైనల్ వెస్ట్ బేలోని ఒక క్లబ్బులో. పార్ట్‌నర్లతో కలిసి నిసార్ ముందు వరుసలో కూర్చున్నాడు. మూడో భాగం ముగిసేసరికి రెండు జట్లూ దాదాపు సమానంగా ఉన్నాయి. సుర్రయ్యా కుంటుతోంది. విరామంలో మెహర్ ఆమె ముందు మోకరిల్లింది. పట్టీ కింద మోకాలు ఉబ్బిపోయి ఉంది.

"కూసో సుర్రయ్యా. చాలు."

"కూచుంటే వాళ్ళేమంటారక్కా? ఆ పాపను ఊరికే పోగొట్టుకున్యారంటారు. నువ్వు గూడా అనుకుంటావు."

"నేను అనుకోను."

"అనుకుంటావక్కా," అంది సుర్రయ్యా. నొప్పితో నవ్వుతున్నట్టు ముఖం పెట్టి లేచింది.

మెహర్ వెనక్కి తిరిగి చూసింది. నిసార్ బొటనవేలు ఎత్తి చూపించాడు. బెంచి మీద ఉన్న అమ్మాయిల్లో ఎవరికీ బంతి తెచ్చే ఆ స్థానం సరిగా రాదు. వచ్చిన ఒక్కతీ ఉమ్ ఘువైలినాలో కూర్చుని ఉంది. మెహర్ సుర్రయ్యా భుజం పట్టుకుంది, గట్టిగా పట్టుకుంటే ఆపగలిగేదే. పట్టుకున్న చెయ్యి అలాగే జారిపోయింది.

బంతి కోసం గెంతి కిందికి వచ్చినప్పుడు మోకాలు పక్కకు మడతపడినట్టయి సుర్రయ్యా కూలబడింది. కేక వేయలేదు. ఆమె భర్త గోడ పక్క నుంచి పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో ఎత్తుకుని తీసుకెళ్ళాడు. ఆ తర్వాత పిల్లలు ఎంత ఆడినా బంతి ముందుకు తెచ్చేవాళ్ళు లేరు. ఓడిపోయారు.

సుర్రయ్యాకు ఆపరేషన్ చేశారు. ఇక ఆడటం కుదరదన్నారు.

సీజన్ అయిపోయాక మెహర్ శిఫాను వెనక్కి ఇమ్మని రాజేశాన్ని అడిగింది. ఆయన వాళ్ళ మేనేజరుతో మాట్లాడి, రెండు రోజుల తర్వాత మొహమాటపడుతూ ఫోన్ చేశాడు. "మేడం, ఆడినా ఆడకున్నా వచ్చే సీజన్ దాకా ఆమె మా ప్లేయరే అంటున్నడు. ఇప్పుడు మెహ్విష్ ఆట చూసి, ఆమెను ఇస్తే ఇస్తడట."

మెహర్ శిఫా ఇంటికి మళ్ళీ వెళ్ళింది. వచ్చే ఏడు కాకపోతే ఆ తర్వాతైనా తెచ్చుకుంటానని చెబుదామని. శిఫా వెస్ట్ బేలో ఒక దంత వైద్యశాల రిసెప్షన్లో చేరబోతోందట. వాళ్ళిచ్చిన యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది.

"ప్రాక్టీసుకన్నా రా బేటా. ఊరికే ఆడుకుందాం."

"టైం దొరకది మిస్." మర్యాదగానే అంది. తర్వాత ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "మెహ్విష్ మంచిగ ఆడుతుందా?" అని అడిగింది.

"ఆడుతుంది."

"ఆమె ఎడమ చేతికి పాస్ ఇయ్యొద్దని మరీహాకు చెప్పుండ్రి. ఆమె ఎప్పుడూ కుడి దిక్కే ఉరుకుతది."

చెబుతానంది మెహర్. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసింది.

మరుసటి వారం ప్రాక్టీసు మళ్ళీ మొదలైంది. పిల్లలు ఒళ్ళు వదులు చేసుకుంటుంటే నిసార్ వాయిస్ మెసేజ్ పంపాడు. ముప్పై ఐదేళ్ళ ఇంకొకామె ఉందట, మోకాళ్ళు బాగున్నాయట, పార్ట్‌నర్లు సంతోషంగా ఉన్నారట. బదులుగా ఎవరిని ఇవ్వాలో రేపు మాట్లాడుకుందామన్నాడు. మెహర్ ఫోన్‌ను చెవికి దగ్గరగా పెట్టుకునే విన్నది. అయినా మెహ్విష్ ఆమె ముఖం చూస్తూనే ఉంది. మిగతావాళ్ళను వదిలి దగ్గరికి వచ్చింది.

"మిస్, ఈసారి నన్ను పంపిస్తరా?"

లేదని చెప్పాలని మెహర్ నోరు తెరిచింది. శిఫా వాళ్ళింట్లో ఖర్జూరాల ముందు కూర్చుని అడిగి చూస్తానన్న తన మాటే గుర్తొచ్చింది.

"నాకు తెల్వది బేటా," అంది.

మెహ్విష్ తల వంచుకుని మిగతా అమ్మాయిల దగ్గరికి వెళ్ళిపోయింది.